వంద టన్నుల తేడా

విమానం ఏ వేగంలో లేవాలో పైలట్ అప్పటికప్పుడు చూసుకుంటాడని చాలామంది అనుకుంటారు. అది తలుపులు మూసేలోపే కాగితం మీద తేలిపోతుంది. ఆ కాగితం రాసే పనిలో కొన్నేళ్లు ఉన్నాను కాబట్టి చెబుతున్నా. ట్రిమ్ షీటు అంటాం. ఖాళీ విమానం బరువు, ఇంధనం, సామాను, జనం. జనాన్ని ఎవరూ కాటా ఎక్కించరు. మా రోజుల్లో పెద్దవాళ్లకు తలకు 75 కిలోలు, పిల్లలకు 35 అని వేసుకునేవాళ్లం. పెళ్లివారి గుంపు మెట్లెక్కుతుంటే ఆ 75ను తలుచుకుని నవ్వొచ్చేది.

ఆ మొత్తం బరువును బట్టి కాక్‌పిట్‌లో మూడు వేగాలు తీస్తారు. వీఆర్ దగ్గర ముక్కు ఎత్తాలి. వీటూ అంటే ఒక ఇంజను ఆగిపోయినా 35 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి అందుకోవాల్సిన వేగం. అసలు కథంతా వీవన్‌లో ఉంది. ఆ లోపు ఇంజను చెడితే బ్రేకులు తొక్కి మిగిలిన రన్‌వేలో ఆగొచ్చు. దాటిందా, ఉన్న ఇంజనుతోనే లేవాలి. అందుకే పక్క సీట్లోంచి 'వీవన్' అని వినబడగానే కెప్టెన్ థ్రస్ట్ లీవర్ల మీంచి చెయ్యి తీసేస్తాడు. అక్కడే ఉంటే కంగారులో వెనక్కి లాగుతుందేమోనని.

రన్‌వే తడిసుంటే ఆగడానికి దూరం ఎక్కువ కావాలి గనక వీవన్‌ను తగ్గిస్తారు. ఎండ మండితే గాలి పలచబడి పరుగు పొడుగవుతుంది. సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైనున్న శంషాబాదులో మే నెల మధ్యాహ్నం ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. వీటన్నిటికీ పట్టికలున్నాయి. మనం ఇచ్చిన బరువు నిజమా కాదా అని మాత్రం ఏ పట్టికా అడగదు.

2009 మార్చి 20 రాత్రి మెల్‌బోర్న్‌లో ఎమిరేట్స్ ఎయిర్‌బస్ ఏ340 బరువు 362.9 టన్నులు. వేగాలు లెక్కకట్టే లాప్‌టాప్‌లో పడింది 262.9. మీట తేడా, అంతే. యంత్రం ఆ తేలిక విమానానికి తగ్గ వేగాలు, తగ్గ ఇంజను బలం బుద్ధిగా లెక్కకట్టి ఇచ్చింది. ముక్కెత్తితే విమానం లేవలేదు, తోక రన్‌వేను గీసుకుంటూ పోయింది. కెప్టెన్ పూర్తి బలం ఇవ్వడంతో రన్‌వే చివర దాటి ఎలాగో గాల్లోకి లేచింది. 275 మందీ క్షేమంగా వెనక్కి దిగారు. రకరకాల బరువుల విమానాలు నడిపేవాళ్లకు 262 వింతగా కనబడకపోవడంలో నాకు ఆశ్చర్యం లేదు.

మాకో పెద్దాయన ఉండేవారు, 737 కెప్టెన్. షీటు చాపితే, "ఆగవయ్యా, ముందు నన్ను అనుకోనీ" అనేవారు. నిండిన సీట్లు, ఇంధనం చూసి ఒక అంకె చెప్పాకే కాగితం అందుకునేవారు. చాదస్తం అనుకునేవాణ్ణి. ఒకసారి విశాఖలో, అప్పటి చిన్న రన్‌వే రోజుల్లో, ఆయన 49 అన్నారు. నా షీటు 47 అంది. "రెండు టన్నులు ఎక్కడ పెట్టావు?"

వెనక హోల్డులో రొయ్యల పెట్టెలు. రాయడం మరిచాను. తేడా వేగంలో మూడు నాలుగు నాట్లే. ఆయనేమీ అనలేదు. వేగం డయలు అంచున అప్పట్లో తెల్ల ప్లాస్టిక్ గుర్తులుండేవి, వాటిని వేలితో ఒక్కొక్కటే ముందుకు జరిపి కాగితం మీద సంతకం పెట్టారు.