ఎన్నింటికి పోయింది?

ఆపరేషన్ బాగా జరిగిందని టీచరమ్మ గారికి ఫోన్ చేసి చెప్పాను. అరగంట తిరక్కుండానే ఆవిడ పిల్లి చచ్చిపోయింది.

రెండేళ్ల ఆడపిల్లి. కు.ని. ఆపరేషన్‌కి బుట్టలో పెట్టుకుని తెచ్చారు. పశువుల డాక్టరుకి ఇంతకంటే మామూలు పని ఉండదు. కుట్లు వేసి, బోనులో పడుకోబెట్టి, వేడినీళ్లు నింపిన సెలైన్ సీసాలకి గుడ్డ చుట్టి రెండు పక్కలా పెట్టాను. అంతలో పార్వో పట్టిన కుక్కపిల్లని ఎత్తుకుని ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. దానికి సెలైన్ పెట్టి తిరిగొచ్చేసరికి పిల్లి నాలుక నీలంగా ఉంది. గొంతులో ట్యూబు వేశాను. అడ్రినలిన్ ఇచ్చాను. రెండు వేళ్లతో ఛాతీ నొక్కుతూనే ఉన్నాను. లాభం లేకపోయింది.

టీచరమ్మ కేకలు వేయలేదు. "ఎన్నింటికి పోయింది డాక్టరు గారూ?" అని మాత్రం అడిగారు.

నాకు తెలీదు. "ఇప్పుడేనమ్మా" అన్నాను.

రెండు నెలలకి రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చింది. జతపరిచిన ఫిర్యాదు కాపీ నిండా గుండ్రటి పంతులమ్మ రాత. తిట్లు లేవు, పరిహారం ఊసు లేదు. చివర్లో మళ్లీ అదే ప్రశ్న.

ఇలాంటప్పుడు మా పశువుల డాక్టర్లందరం ఒకే పాట పాడతాం. మత్తన్నాక రిస్కు ఉంటుంది, ముందే సంతకం పెట్టించుకున్నాం కదా అని. రిస్కు మాట అబద్ధం కాదు. 2002-04లో బ్రిటన్‌లో వేల జంతువుల మీద చేసిన పెద్ద అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లో కూడా దాదాపు తొమ్మిది వందలకి ఒకటి మత్తు వల్ల చనిపోయిందని తేలింది. కుక్కల్లో ఇందులో సగమే. ఈ లెక్క మాకు కంఠతా వచ్చు. అదే అధ్యయనంలో ఇంకో లెక్క ఉంది, దాన్ని మాత్రం ఎత్తం. చనిపోయిన పిల్లుల్లో సగానికి పైగా బల్ల మీద పోలేదు, ఆపరేషన్ అయ్యాక పోయాయి. వాటిలోనూ ఎక్కువ భాగం మొదటి మూడు గంటల్లోనే. అంటే మేము గ్లౌజులు తీసేసి, టీ తాగి, ఇంకో కేసు పట్టుకునే సమయం.

ఆవిడ సంతకం పెట్టింది మత్తుకి. పిల్లిని ఒంటరిగా వదిలేయమని ఏ కాగితం మీదా రాసివ్వలేదు.

కోత, కుట్టు ఎవరైనా నేర్పితే వస్తాయి. కాపలా కాయడం అలా కాదు, ఎందుకంటే అందులో చేతులకి పనుండదు. చిగుళ్లు గులాబి రంగులో ఉన్నాయా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది, రెప్ప తాకితే కదులుతోందా అని చూస్తూ కూర్చోవాలి. చిన్న ఒళ్లు తొందరగా చల్లబడుతుంది. చల్లబడిన ఒంట్లో మత్తు తొందరగా దిగదు. నాలుకకి పెట్టే, ఆక్సిజన్ కొలిచే క్లిప్పు ఒకటుంది గానీ, నాలుక ఆరితే జారిపోతుంది. పక్కన మనిషి ఉంటే సర్దుతాడు. ఆ రోజు మనిషి లేడు. ఉండాల్సింది నేనే.

కౌన్సిల్లో నా తప్పు రుజువు కాలేదు. ఎలా అవుతుంది? పోస్ట్‌మార్టం లేదు. కుట్టిన ముడి జారి కడుపులో రక్తం నిండిందా, స్టెతస్కోపుకి దొరకని గుండెజబ్బా, ఊపిరి ఆగిందా... ఏదీ తేలలేదు. సాయంత్రానికల్లా పెరట్లో మునగచెట్టు కింద పూడ్చిపెట్టేశారు. కోసి చూస్తే కారణం దొరకొచ్చని ఆవిడకి తెలీదు, నాకు తెలుసు. చెప్పలేదు. మర్చిపోయి కాదు.

ఇప్పుడు నా దగ్గర మత్తు షీటు ఉంది. ఐదు నిమిషాలకో గడి, పిల్లి తల ఎత్తి కూర్చునేదాకా. గడి ఖాళీగా ఉంటే కాంపౌండరు కంటే ముందు నా జీతానికే కోత. క్లినిక్ నాదే కాబట్టి ఇదో హాస్యం అనుకోండి.

ఫిర్యాదులంటే మా వాళ్లకి కోపం. నాకూ ఉండేది. కానీ మీకు అనుమానం ఉంటే చేయండి. 1984 చట్టం కింద ఏర్పడ్డ కౌన్సిల్ రిజిస్టర్‌లోంచి డాక్టరు పేరు తీసేయగలదు గానీ డబ్బు ఇప్పించలేదు. ఫీజు కట్టి చేయించిన వైద్యమైతే పరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్ల లోపు వెళ్లాలి.

అంతకంటే ముందు, జంతువు పోయిన ఆ గంటలోనే, మత్తు షీటు కాపీ అడగండి. ఏ మందు ఎంత ఇచ్చారో రాయించుకోండి. పూడ్చే తొందర వద్దు. ఆపరేషన్ చేసిన డాక్టరు కాకుండా ఇంకొకరి చేత పోస్ట్‌మార్టం చేయించండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో పాథాలజీ విభాగాలున్నాయి, ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. కళేబరం ఒక్క రోజులోపు చేరాలి. అందాకా ఐసు గడ్డల మధ్య ఉంచండి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, గడ్డకట్టి కరిగిన కండలో ఏం జరిగిందో చదవడం కష్టం.