వదిన వియన్నా వెళ్లొచ్చింది

ఆదివారం పేపర్ విప్పితే లోపల్నుంచి ఓ రంగురంగుల కరపత్రం జారిపడింది. 12 రోజుల్లో 9 దేశాలట. కింద ఎర్రక్షరాల్లో “తెలుగు మాట్లాడే టూర్ మేనేజర్, మూడు పూటలా మన భోజనం”. రాకపోకలకు రెండ్రోజులు తీసేస్తే మిగిలేది పది. అందులో సగం బస్సు కిటికీకే పోతుంది. దేశానికి ఓ పూట, ఓ ఫొటో, ఓ బాత్రూమ్. టిఫిన్ తింటున్నంతసేపూ దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత పాటలు కంఠతా వచ్చు. ఊరు చూడటమంటే అక్కడి సంతలో కూరగాయలు బేరమాడటం, ఒకే చాయ్ కొట్టుకి మళ్లీ మళ్లీ వెళ్లి, చివరికి అతను అడక్కుండానే చక్కెర తగ్గించేలా చేసుకోవడం. ఇది మొదటి పాట. యూరప్ అని కలవరించే చాదర్‌ఘాట్ వాళ్లు ముందు నది ఒడ్డునున్న రెసిడెన్సీ చూడాలి, ఇది రెండోది. ఇంగ్లిషు రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో కట్టడం మొదలుపెట్టించిన ఆ స్తంభాల మేడ ఇటలీ పద్ధతిలో ఇంగ్లిషువాళ్లు కట్టుకున్న ఇళ్లకి దగ్గరి చుట్టం. మనం కోఠి విమెన్స్ కాలేజీ స్టాప్‌లో దిగుతాం, సుల్తాన్ బజార్ వైపు తిరిగిపోతాం. తల ఎత్తి చూసేవాళ్లు తక్కువ.

మూడో పాట ఏనుగుల వీరాస్వామి గారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ ఉద్యోగం చేస్తున్న మనిషి 1830 మేలో కాశీకి బయల్దేరి, మన హైదరాబాద్ మీదుగా వెళ్లి, తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు. ఏడాది పైన మూడు నెలలు! పల్లకీ బోయీల నడక ఎంత వేగమో ప్రయాణం అంతే వేగం. ఆయన ఇల్లు చేరిన ఏడాదే మన చాదర్‌ఘాట్ వంతెన పూర్తయింది. ప్రయాణమంటే అలా ఉండాలని ఇన్నాళ్లూ ఇక్కడ వాదిస్తూ వచ్చాను.

ఇప్పుడు మా వదిన సంగతి.

వదిన మలక్‌పేటలో సర్కారు బడి టీచర్. తెలుగు సినిమా వాళ్లు హీరోయిన్‌ని మంచులో షిఫాన్ చీరతో నిలబెట్టడం మొదలుపెట్టినప్పట్నుంచీ ఆవిడకి ఆల్ప్స్ మీద మోజు. వేసవి సెలవులున్నాయి గానీ ఇంట్లో మా అమ్మని ఎక్కువ రోజులు వదిలి వెళ్లే వీల్లేదు. హోటల్ ఖర్చు కూడా రాత్రి రాత్రికీ పెరిగేదే. “వారం కన్న ఎక్కువైతే నాతోని కాదు వదినా” అంది. సరే, వారమే వెళ్లు గానీ ఒకే ఊరికి వెళ్లు అని పట్టుబట్టాను. ఊరు కూడా నేనే ఎంచాను, వియన్నా. ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఇప్పుడు శంషాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, అక్కడ మారితే చాలు. అన్నయ్య రానన్నాడు. బళ్లో తనతో పనిచేసే లెక్కల టీచర్ వస్తానంది.

చిన్న ప్రయాణం మీద నాకున్న మొదటి కోపం దాని కాగితాల మీద. షెంజెన్ వీసా అడగడానికి పత్రాలు సమకూర్చేందుకు పట్టిన కాలం ప్రయాణం కన్నా ఎక్కువ. సర్కారు ఉద్యోగి గనక ముందు ఎన్‌వోసీ. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా. ఫీజు మనిషికి 90 యూరోలు, వీసా రాకపోతే అది తిరిగి రాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల లోపైతే కుదరదు. ఆ వీసా మీద 180 రోజుల్లో 90 రోజుల దాకా ఉండొచ్చని నియమం, కానీ ఆరు రోజులు అడిగినవాళ్లకి ఇంచుమించు ఆ ఆరు రోజులే ఇస్తారు. సూట్‌కేసు దగ్గర ఇంకో పేచీ వచ్చింది. ఆవకాయ పట్టుకెళ్లొచ్చు. నెయ్యి కుదరదు, పాలతో చేసినవేవీ బయటి నుంచి రానివ్వరు. నెయ్యి లేని ఆవకాయన్నం మీద అమ్మ వెలిబుచ్చిన అభిప్రాయం ఇక్కడ రాయలేను.

వియన్నా మనకన్నా వేసవిలో మూడున్నర గంటలు వెనక. పడమటికి వెళ్లినవాళ్లకి ఇదొక వరం, ఏ కరపత్రమూ చెప్పదు. మన ఏడున్నరకి ఒళ్లు లేచి కూచుంటే అక్కడ తెల్లవారుజామున నాలుగు. మే చివర్లో ఐదింటికే వెలుగొచ్చేస్తుంది. నగరం నడిమధ్య చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు మీద ట్రాములు అప్పుడప్పుడే మొదలవుతుంటాయి. టూరిస్టులు ఒక్కరూ ఉండరు. మా ఇద్దరు టీచర్లూ రోజూ ఆ వేళకి ఊరంతా తమ సొంతమైనట్టు తిరిగారు. నిద్ర సర్దుకునేలోపు తిరుగు ప్రయాణం వచ్చేసింది. ఇంకో వారం ఉన్నవాళ్లకి ఆ పొద్దులు దొరకవు.

మ్యూజియం దగ్గర నా మాట ఇంకాస్త గట్టిగా పనిచేసింది. కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో గదులు చూసుకుంటూ పోతే పొద్దు గూకుతుంది. చిత్రకారుడు బ్రూగెల్ గదికి వెళ్లి ఒకే బొమ్మ ముందు కూచోమన్నాను. అది 1560లో వేసిన పిల్లల ఆటల బొమ్మ. ఊరి వీధి నిండా రెండొందల మందికి పైగా పిల్లలు, ఎనభై పైచిలుకు ఆటలు. ఫోన్‌లో వదిన గొంతు మారిపోయింది. “అచ్చనగండ్లు ఆడుతున్నరు వదినా, ఎడమ పక్క కింద ఇద్దరు!” నిజమే, ఎముక ముక్కలతో ఆడుతుంటారు. కళ్లగంతలు, వంగుడు దూకుళ్లు, బొంగరాలు, కట్టెకాళ్ల నడక, కర్రతో చక్రం దొర్లించుకుంటూ పరిగెత్తడం, అన్నీ ఉన్నాయి. చక్రం ఆటని మనవాళ్లు సైకిల్ టైరుతో ఆడారు, అంతే తేడా. లెక్కల టీచర్ నోట్‌బుక్ తీసి ఆటలు రాసుకుంది. ఎవరికి ఏ ఆట పేరు తెలుసన్న దాని మీద ఇద్దరికీ తగువు కూడా అయింది. మధ్యలో కాపలా ఆవిడ వచ్చి ఒంట్లో బాగానే ఉందా అని అడిగిందట. వదిన ఇంకో విషయం పట్టుకుంది. ఆ పిల్లల్లో నవ్వేవాళ్లు తక్కువ, అందరూ పెద్దవాళ్లు పనిచేస్తున్నంత సీరియస్‌గా ఆడుతున్నారు. “మా బళ్లో ఇంటర్వెల్ గూడ గట్లనే ఉంటది” అంది. ముప్పై ఏళ్లు పిల్లల్ని చూసిన కన్ను అది. కళా విమర్శకుల పుస్తకాలు నేనూ చదివాను గానీ నాకు తట్టలేదు.

ఆల్ప్స్ మాత్రం కనబడలేదు. ఆ ఊరి నడిబొడ్డున సినిమా మంచు ఎక్కడిది? కానీ కాఫీ హోటల్లో కప్పు పక్కన గ్లాసుడు మంచినీళ్లు పెడతారు. ఆ నీళ్లు 1873లో వేసిన గొట్టాల్లో ఆల్ప్స్ ఊటల నుంచి, పంపుల్లేకుండా కేవలం వాలు మీద ఊళ్లోకి వస్తాయి. గండిపేట నుంచి మనకి నీళ్లు వచ్చినట్టే. మనది 1920లో కట్టారు, అదీ 1908లో మూసీ ఊరిని ముంచేశాక. ఈ సంగతి చెబితే వదిన “అయితే ఆల్ప్స్ తాగినన్నమాట” అంది. వాళ్ల నదుల ముచ్చట కూడా చెప్పాలి. డాన్యూబ్ పెద్దది, దాని వరద కోసం పక్కనే కాలువ తవ్వుకున్నారు. వీన్ అనే చిన్న నది మాత్రం రాతి గోడల మధ్య సన్నగా, మెట్రో పట్టాల పక్కనే పారుతుంటుంది. 2024 సెప్టెంబరులో అదే ఒక్కసారిగా పొంగి మెట్రో ఆపించింది. ఏడాది తిరిగాక 2025 సెప్టెంబరులో మూసీ ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి వచ్చింది, చాదర్‌ఘాట్ చిన్న వంతెన మూసేశారు. అంత క్రమశిక్షణ ఉన్న ఊరికీ చిన్న నది మాట వినదని తెలిసి, ఎందుకో గానీ, నాకు మనశ్శాంతి కలిగింది.

ఇంతవరకూ అంతా నా సిద్ధాంతం ప్రకారమే నడిచింది. ఒక ఊరు, ఒక బొమ్మ, ఒకే కాఫీ హోటల్. చివరి రోజుకి ముందు రోజు వదిన నాకు చెప్పకుండా రైలెక్కి బ్రాటిస్లావా వెళ్లిపోయింది.

గంట ప్రయాణం. అది స్లొవేకియా రాజధాని. 1989 దాకా ఆ మధ్యలో ముళ్లకంచె, కాపలా గోపురాలు ఉండేవి. 2007 డిసెంబరులో స్లొవేకియా షెంజెన్‌లో చేరింది గనక ఇప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర కూడా పడదు. వదినకి అదొక్కటే లోటు. కోట మీదికెక్కింది, ఏదో సూప్ తాగింది, ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ కొనుక్కుంది, సాయంత్రానికి తిరిగొచ్చింది. ఆ కోట ఎవరిదో తెలీదు, తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు. ఇంటికొచ్చాక చుట్టాలందరికీ మొదట చెప్పింది బ్రూగెల్ గురించి కాదు. “రెండు దేశాలు చూసొచ్చిన!” ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం చూడాలి. కాగితాల కోసం తిరిగిన నెలలన్నీ అక్కడ వసూలైనట్టు కనబడింది.

నేను ముభావంగా ఉండటం చూసి అమ్మ అడిగింది, “దానికి నచ్చింది, నీ బాధేంటే?”

నా బాధేంటో ఆలోచిస్తూ శనివారం మూసీ దాటి సాలార్ జంగ్ మ్యూజియానికి వెళ్లాను. మేలిముసుగు రెబెక్కా దగ్గర ఎప్పట్లాగే గుంపు. బడి నుంచి తీసుకెళ్లినప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమనేవాళ్లు మమ్మల్ని. రాతి ముసుగులోంచి మొహం ఎలా కనబడుతుందన్న ఆశ్చర్యం ఇప్పటికీ పోలేదు. ఆ బొమ్మ ఒక తొందర ప్రయాణంలోంచి వచ్చిందన్న సంగతి మాత్రం ఇన్నేళ్లూ నాకు పట్టలేదు.

మొదటి సాలార్ జంగ్ 1853లో నిజాం దివాన్ అయ్యేనాటికి ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. యూరప్ వెళ్లింది 1876లో. అంతకు ముందు వెళ్లాలన్నా ఒక్క వేసవిలో వెళ్లి రాగల పని కాదు. సూయజ్ కాలువ 1869లో తెరిచారు, వాడి జంక్షన్ మీదుగా బొంబాయికి మన ఊరి రైలు 1874లో వచ్చింది. నాంపల్లి స్టేషన్ ఇంకా లేదు, అది 1907 నాటిది. అంటే యూరప్‌కి చిన్న ట్రిప్ అనేదే మనకి సాధ్యమయ్యాక రెండేళ్లలో ఆయన వెళ్లాడు. సదర్లాండ్ డ్యూక్ ఆహ్వానం చేతిలో ఉంది, మనసులో బీరార్ ఉంది. తను దివాన్ అయిన ఏడాదే ఇంగ్లిషువాళ్ల చేతుల్లోకి పోయిన ఆ జిల్లాల్ని లండన్‌లో అడిగి తిరిగి తెచ్చుకోవాలని.

రోమ్, పారిస్, లండన్, ఆక్స్‌ఫర్డ్, ఇంకా పైకి స్కాట్లండ్. మా కరపత్రం వాళ్లు కూడా వారెవ్వా అనే వేగం. రోమ్‌లో రాజు దర్శనం, పోప్ దర్శనం. జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కిన రెబెక్కా ఇటలీలోనే ఆయన కంటపడింది. పారిస్‌లో దిగిన హోటల్లో మెట్ల మీద జారి కాలికి పెద్ద దెబ్బే తగిలింది. ఇంగ్లండ్ చేరేసరికి సరిగా నడవలేడు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు గౌరవ డాక్టరేట్ ఇచ్చారు. విందులు చేశారు, పొగిడారు. బీరార్ మాత్రం ఇవ్వలేదు. వెళ్లిన పని కాలేదు, కాలు విరిగింది, ఒక్క ఊళ్లోనూ స్థిమితంగా ఉన్నది లేదు. నా లెక్కలో పూర్తిగా విఫలమైన ప్రయాణం. ఆ ప్రయాణం తెచ్చిపెట్టిన బొమ్మ ముందు ఇప్పుడు కరీంనగర్ నుంచి వచ్చిన పిల్లలు నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. రోమ్‌లో ఏడాది కాపురముండి సంతలో కూరగాయలు బేరమాడినవాళ్లు ఎంతమందో ఉంటారు. వాళ్లెవరూ మనకి రెబెక్కాని తేలేదు.

రెసిడెన్సీ వెనక తోటలో ఆ మేడకే చిన్న నమూనా ఒకటుంది. పరదా దాటి ముందువైపుకి రాలేని భార్య ఖైరున్నీసా కోసం కిర్క్‌పాట్రిక్ కట్టించాడని చెప్పుకుంటారు. నిజమో కథో, అసలు మేడ చూడందే చూసినట్టు కాదని ఆవిడతో వాదించడానికి మాత్రం నాకిప్పుడు నోరు రాదు. ఏడాది సెలవు దొరికిన వీరాస్వామి గారి కొలతతో, ఇంట్లో పెద్దావిడని వదిలి ఆరు రోజులకి వెళ్లిన టీచర్ని కొలుస్తూ వచ్చాను. ఎవరికి ఎంత దొరికితే అందులోనే కోరిక తీరాలి. రెండు దేశాలు అని చెప్పుకోవడం కూడా ఆ కోరికలో ఒక ముక్క అయితే, అది నేను తీసేయాల్సిన ముక్క కాదు. 9 దేశాల బస్సు ఎక్కే మలక్‌పేట రిటైర్డ్ గుమస్తాకీ ఏదో ఒక మలుపులో, డ్రైవర్ పది నిమిషాలు ఆపిన చోట, తన బొమ్మ తనకి కనబడొచ్చు. కనబడకపోయినా ఆయన సంతోషం ఆయనది.

రాత్రి వదిన వచ్చింది. వచ్చే వేసవికి రోమ్ అంది.

“నాలుగు రోజులు రోమ్‌లోనే ఉంట. నువ్వన్నట్టే, ఒక్కటే ఊరు.”

“ఫ్లారెన్స్ గంటన్నర రైలు,” అన్నాను. “పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు.”

“నిజంగనా? మరి ఆ వంగిన గోపురం?”

“పీసా. ఫ్లారెన్స్ నుంచి ఇంకో గంట.”

వదిన కాసేపు నావైపు అనుమానంగా చూసి, కుర్చీ దగ్గరకి లాక్కుంది. “వెనిస్ ఎంత దూరం వదినా?” అని అడిగేసరికి నేను అప్పటికే రైళ్ల టైములు చూస్తున్నాను.