ఆడేవారే అతిథులు

1970 ఫిబ్రవరి 14న డేవిడ్ మన్‌కూసో న్యూయార్క్ బ్రాడ్వేలో తాను కాపురమున్న గిడ్డంగిలాంటి ఇంటికి స్నేహితులను నాట్యానికి పిలిచాడు. 'ది లాఫ్ట్'గా పేరుపడ్డ ఆ విందులను నేను కళాకృతులుగానే లెక్కిస్తాను. ఎవరిని పిలవాలి, ఏ పాట వెనుక ఏ పాట రావాలి, ధ్వని చెవికెలా సోకాలి - ఇదే ఆయన రచన. గుమ్మం దగ్గర చందా; లోపల తిండి ఉచితం, మద్యం అమ్మకం లేదు. నల్లవారు, తెల్లవారు, లాటినోలు, మరెక్కడా నిశ్చింతగా ఆడలేని స్వలింగ ప్రియులు అక్కడ కలిసి ఆడారు. రానురాను ఒక రికార్డును మరొకదానితో కలపడం కూడా మానేసి, ప్రతి పాటనూ మొదటినుంచి చివరిదాకా వినిపించాడు. కొందరికిది చాదస్తం. తన చేతి చమత్కారం చూపించుకోకపోవడమే నాకు నచ్చింది. పిలుపు ఉన్నవారికే ప్రవేశమన్న నియమం మాత్రం లోపమే, పిలుపందనివాడి సంగతేమిటి?

మన ఉగాది సభలో ఆ లోపం లేదు, అందరినీ పిలుస్తాం. పిలిచి కుర్చీల్లో కూర్చోబెడతాం! ఉపన్యాసాలు, పిల్లల సినిమా డ్యాన్సులు, ఆపైన పులిహోర. ఆడేవారు పదిమంది, చూసేవారు రెండొందలు. బతుకమ్మకు వేదిక ఉందా? చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టేవారే ఉంటారు. కోలాటమూ అంతే. పదిహేనేళ్ళు దాటిన మన పిల్లలు సభలకు రావడం మానేస్తున్నారంటే, కుర్చీలో కూర్చోలేకనే అని నా అనుమానం.

కార్యవర్గం ఏడుగురూ తలా రెండు పాటలు ఎంచితే జాబితా తయారవుతుంది గాని వరస కుదరదు. ఈ దసరాకు పాటల పని ఒక్కరికే, వీలైతే ఆ పిల్లల్లో ఒకరికే, అప్పగించండి. కుర్చీలు గోడవారకు జరపడానికి నేనొస్తాను.