ఒక్క జాడింపు చాలు

బీరు సంగతి వస్తే అందరూ హాప్స్ ఘాటు గురించో, ఈస్ట్ రకాల గురించో మాట్లాడతారు. అంతకుముందే, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలోని, అంటే మాల్ట్‌లోని, తీపిని నీళ్లలోకి దించే ఘట్టం ఒకటుంది. దాని ఊసెత్తేవాళ్లు తక్కువ. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు ఆ ఘట్టాన్ని ఎంత తేలిక చేసుకున్నారో చూస్తే ముచ్చటేస్తుంది. ఆ పద్ధతి పేరు బ్యాచ్ స్పార్జింగ్.

అక్కడ ఇంటి బీరుకు దారి తెరిచింది 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం. ఇద్దరు పెద్దలున్న ఇల్లు ఏడాదికి 200 గాలన్ల దాకా పన్ను కట్టకుండా కాచుకోవచ్చు, అమ్మకూడదు. డబ్బాలో దొరికే మాల్ట్ పాకంతో మొదలుపెట్టిన వాళ్లలో కొందరికి అసలు గింజలతోనే చేయాలనే కోరిక పుట్టింది. వాళ్లకు దొరికిన నమూనా పెద్ద బ్రూవరీలదే. నానిన మాల్ట్ మీద పైనుంచి వేడినీళ్లు సన్నగా జల్లుతుండాలి, అంతే వేగంతో కిందినుంచి తీపినీరు దిగుతుండాలి. దీన్ని ఫ్లై స్పార్జింగ్ అంటారు. గంటదాకా కాపలా కాయాలి. నీళ్లకు ఎక్కడ సందు దొరికితే అక్కడే దారి చేసుకుని జారిపోతాయి, పక్కనున్న గింజ తీపి వదలకుండా మిగిలిపోతుంది. చివర్లో తీపి పలచబడే కొద్దీ ఆమ్లగుణం తగ్గి, బార్లీ పొట్టులోని వగరు దిగే ప్రమాదం కూడా ఉంది. పెద్ద బ్రూవరీలో ఇవన్నీ అదుపు చేసే యంత్రాలుంటాయి. ఇంట్లో ఒక్క మనిషి ఉంటాడు.

ఆ ఒక్క మనిషికి సరిపడే దారే బ్యాచ్ స్పార్జింగ్. దాన్ని ఊరూరా తెలిసేలా చేసినవాళ్లలో ముఖ్యుడు ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన డెన్నీ కాన్. ఇంటి బీరు మీద పుస్తకాలు రాసిన మనిషి. మూలసూత్రం ఆయనకంటే చాలా పాతది: ఒకే గింజ మీద నీళ్లు పోసి, పూర్తిగా దించి, మళ్లీ పోసి గట్టి బీరూ పలచని బీరూ విడివిడిగా తీయడం ఇంగ్లండ్ వాళ్లకు వెనకటి నుంచీ అలవాటే. కాన్ గొప్పతనం దాన్ని చవక సామాన్లలో ఇమిడ్చి చూపడంలో ఉంది. పిక్నిక్‌కు తీసుకెళ్లే ఐస్ పెట్టె, ఒక కుళాయి, సింకు కింద బిగించే స్టీలు అల్లిక గొట్టం ఉంటే చాలు.

ఆ గొట్టం దగ్గర కాస్త ఆగాలి. రెండు కొనలూ కోసేసి, లోపలి ప్లాస్టిక్ గొట్టాన్ని లాగేస్తే స్టీలు అల్లిక ఒక్కటే మిగులుతుంది. ఒక కొనను మడిచి నొక్కేస్తారు, రెండో కొనను పెట్టె లోపల కుళాయి మూతికి క్లిప్పుతో బిగిస్తారు. వడపోత ఏర్పాటు అంతే. నిజానికి వడకట్టేది కూడా అది కాదు, దాని చుట్టూ పేరుకునే బార్లీ పొట్టే. అల్లిక చేసేదల్లా ఆ పొట్టును అక్కడ నిలబెట్టడం. పొట్టు ఈ పని చేస్తుందని నమ్మి మిగతాదంతా వదిలేయగలగడం, నా దృష్టిలో, మంచి పనివాడి గుర్తు.

ఇక లెక్క. 5 కిలోల మాల్ట్ తీసుకుందాం. మరిగించడానికి 25 లీటర్ల తీపినీరు కావాలి. కిలో గింజ సుమారు లీటరు నీటిని పీల్చుకుని వదలదు, అంటే 5 లీటర్లు పిప్పిలోనే ఉండిపోతాయి. 72 డిగ్రీల నీళ్లు 17.5 లీటర్లు పోసి గింజ కలిపితే వేడి 66 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. మూతపెట్టి గంటసేపు కదపకుండా ఉంచితే గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. తర్వాత కుళాయి కొద్దిగా తిప్పి చెంబులోకి పట్టాలి. మొదటి ధార బురదగా, గింజ తునకలతో వస్తుంది. దాన్ని పైన మెల్లగా తిరిగి పోయాలి. ఒకటి రెండు లీటర్లు ఇలా తిరిగేసరికి పొట్టు కుదురుకుని ధార తేటపడుతుంది. అప్పుడు పాత్ర పెట్టి మెల్లగా కుళాయి తెరిచి, ఆపైన పూర్తిగా వదిలేయవచ్చు. 12.5 లీటర్లు దిగుతాయి.

మళ్లీ 12.5 లీటర్లు, ఈసారి 82 డిగ్రీలవి. 65 దగ్గరున్న పిప్పితో కలిశాక 75 ప్రాంతంలో ఆగుతాయి, వగరు దిగేంత వేడెక్కదు. ఇక్కడ గట్టిగా కలపాలి, అడుగునుంచీ మూలలనుంచీ కలపాలి. ఈ కలపడమే పద్ధతికి ప్రాణం. కలిపాక తీపి అంతటా ఒకే తీరుగా పరుచుకుంటుంది కనుక నీళ్లు ఏ దారిన దిగినా తేడా ఉండదు. గంటసేపు జల్లు కాపలా అక్కర్లేదని ఈ ఒక్క గరిటె తేల్చేస్తుంది. మళ్లీ బురద తిప్పిపోసి, దించేయాలి.

ఇందులో దక్కేదెంత? బట్టలు ఉతికేవాళ్లకు ఈ సంగతి చేతికి తెలుసు: బకెట్టెడు నీళ్లలో ఒకేసారి జాడించేకన్నా, అవే నీళ్లు రెండు విడతలు చేస్తే సబ్బు బాగా వదులుతుంది. మన లెక్కలో 30 లీటర్లూ ఒకేసారి పోసి దించితే, పిప్పిలో మిగిలే 5 లీటర్లతో కరిగిన తీపిలో ఆరో వంతు పోతుంది. అంటే దక్కేది 83 శాతం. రెండు సమాన విడతలుగా దించితే 92. మూడు విడతలు చేస్తే 95. పెట్టె అడుగున నిలిచిపోయేదాన్ని పక్కనపెట్టి వేసిన సుళువు లెక్క ఇది. అయినా కిటుకు బయటపడుతుంది: మొదటి జాడింపుకు 9 శాతం, రెండోదానికి 3. అందుకే ఒక్క జాడింపుతో ఆగిపోవడం బద్ధకం అనిపించుకోదు, లాభం ఎక్కడ తగ్గిపోతుందో తెలిసినవాడి నిర్ణయం. రెండు విడతలూ సమానంగా ఉండాలనడంలోనూ ఇదే లెక్క ఉంది. అయితే అది కొంచెం అటూ ఇటూ అయినా కొంప మునగదు.

దీనికీ హద్దుంది. గట్టి బీరు కోసం గింజ పెంచితే పిప్పి పట్టి ఉంచే తీపీ పెరుగుతుంది, దక్కే శాతం పడిపోతుంది. ఇంకో కిలో మాల్ట్ వేసుకోవడమే దానికి సుళువైన మందు. గింజ ధర లెక్కన పెద్ద బ్రూవరీకి అది నష్టం, ఇంట్లో కాచుకునేవాడికి చిల్లర ఖర్చు.

తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారీ ఎక్సైజ్ నేరం, ఇక్కడ ప్రయత్నించకండి. అనుమతి ఉన్న దేశాల్లో స్థిరపడి, కొత్తగా గింజలతో మొదలుపెడుతున్న మనవాళ్లకు ఒక్క మాట. మొదటిసారి మధ్యరకం పేల్ ఏల్ కాచండి. తీపి తక్కువ దిగితే పెట్టెను, గొట్టాన్ని తప్పుపట్టకముందు మాల్ట్ ఎలా మరపట్టారో చూడండి. పొట్టు వీలైనంత నిలవాలి, లోపలి గింజ మాత్రం నూకగా పగలాలి. ఒక్క గింజ కూడా చెక్కుచెదరకుండా మిగలకూడదు.