రాక్ సంగీతమూ, వార్ధక్యమూ

2024లో రోలింగ్ స్టోన్స్ బృందం అమెరికా, కెనడా దేశాలలో చేసిన సంగీతయాత్రకు తన పేరు తగిలించి డబ్బు పెట్టినది ఏ సారా కంపెనీయో, ఏ మోటారు కంపెనీయో కాదు, ఎ.ఎ.ఆర్.పి. అనే సంస్థ. ఉద్యోగాలు విరమించినవారి సంఘంగా 1958లో పుట్టి, యాభై దాటిన అమెరికన్ల బాగోగులు చూస్తానంటున్న సంస్థ అది. యాత్ర మొదలయ్యేనాటికి గాయకుడు మిక్ జాగర్‌కూ, గిటారు వాయించే కీత్ రిచర్డ్స్‌కూ ఎనభయ్యేళ్ళు నిండివున్నాయి. పెన్షనర్ల కచేరీకి పెన్షనర్ల సంఘమే పందిరి వేయించిందని నవ్వుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? మా కాలేజీలో ఇంగ్లీషు పాటలు వినే విద్యార్థులూ నవ్వారు. స్టాఫ్ రూములో అభ్యుదయవాదులమని చెప్పుకునే మిత్రులు మరికొంచెం గట్టిగా నవ్వారు.

ఆ నవ్వును నేను తేలికగా తీసుకోలేకపోతున్నాను. దాని వెనక ఒక సిద్ధాంతం వున్నది. రాక్ అంటే యౌవనం, యౌవనం అంటే తిరుగుబాటు, కనుక ముసలివాడై కూడా రాక్ పాడుతున్నవాడు తన తిరుగుబాటుకు తానే ద్రోహం చేసినవాడు - ఇదీ ఆ సిద్ధాంతం. వినడానికి విప్లవకరంగానే వుంటుంది. కాని దాని పుట్టుపూర్వోత్తరాలు విచారిస్తే, అందులో సగమైనా రికార్డు కంపెనీల గిడ్డంగిలో తయారైన సరుకని తేలుతుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికాలోనూ, కొంత ఆలస్యంగా ఇంగ్లండులోనూ, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న పదహారు, పద్ధెనిమిదేళ్ళవాళ్ళు కొనుగోలుదారులలో ఒక ప్రత్యేక తరగతిగా ఏర్పడ్డారు. నిమిషానికి 45 చుట్లు తిరిగే చవక రికార్డును ఆర్.సి.ఎ. కంపెనీ 1949లోనే మార్కెట్టుకు తెచ్చింది. వయసునే వస్తువుగా అమ్మవచ్చునని కంపెనీలు అప్పుడు కనిపెట్టాయి. ఆ యువతరం అసంతృప్తి అంతా కంపెనీల కల్పనే అనడం మాత్రం యాంత్రిక భౌతికవాదం అవుతుంది. అసంతృప్తి నిజమైనదే. దానికి చివరి తేదీ ముద్రించి అమ్మినది మార్కెట్టు. వార్ధక్యాన్ని ఏవగించుకుంటూ 1965లో పాట చేసిన 'ది హూ' బృందపు పీట్ టౌన్షెండ్, ఆ పాట పాడిన రోజర్ డాల్ట్రీ, ఎనభయ్యేళ్ళు దాటి 2025లో అమెరికాలో వీడ్కోలు కచేరీలు చేశారు. ఆ తేదీని తాము కూడా నమ్మలేదన్నమాట.

అసలు స్టోన్స్ కుర్రవాళ్ళు తమ సంగీతాన్ని ఎవరి దగ్గర నేర్చుకున్నారు? కుర్రవాళ్ళ దగ్గర కాదు. 1961 అక్టోబరులో కెంట్ జిల్లా డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషనులో జాగర్, రిచర్డ్స్ మళ్ళీ కలుసుకున్నారు. చిన్నప్పుడు ఒకే బడిలో చదివినవాళ్ళే. ఒకరు లండన్‌లో అర్థశాస్త్రం చదువుతున్నారు, మరొకరు ఆర్టు కాలేజీలో వున్నారు. జాగర్ చంకలోని రికార్డులు వాళ్ళను కలిపాయి: ఒకటి చక్ బెర్రీది, మరొకటి మడ్డీ వాటర్స్‌ది. అప్పటికే మడ్డీ వాటర్స్ యాభయ్యో పడిని సమీపిస్తున్న మనిషి. మిసిసిపీలోని స్టోవల్ తోటలో పత్తి పని చేసిన నల్లజాతి కూలీ. 1941లో అలన్ లోమాక్స్ ఆ తోటకే యంత్రం మోసుకువెళ్ళి, అమెరికా ప్రభుత్వపు కాంగ్రెస్ గ్రంథాలయం కోసం ఆయన పాటలు రికార్డు చేశాడు. 1943లో ఆయన షికాగో నగరానికి వలసపోయాడు. 1950లో ఆయన రికార్డు చేసిన ఒక పాట నుంచే ఈ ఇంగ్లీషు బృందం తన పేరు తెచ్చుకున్నది. 1965లో అమెరికన్ టెలివిజన్‌వారు స్టోన్స్‌ను పిలిస్తే, హౌలిన్ ఉల్ఫ్‌ను కూడా పిలవాలని వాళ్ళు పట్టుబట్టారు. యాభై నాలుగేళ్ళ ఆ నల్లజాతి గాయకుడు పాడుతుంటే ఈ తెల్ల కుర్రవాళ్ళు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని విన్నారు.

బ్లూస్ సంప్రదాయంలో వయసు అవమానం కాదు. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో కొన్ని పాటలు రికార్డు చేసి, తర్వాత ముప్ఫయ్యైదేళ్ళు వ్యవసాయపు పనులలో బతికాడు. 1963లో వెతుక్కుంటూ వెళ్ళినవారికి అవలాన్ అనే పల్లెలో డెబ్భయ్యేళ్ళ మనిషిగా దొరికాడు. గిటారు అందిస్తే వాయించాడు. 1966లో పోయేలోపు ఆ మూడేళ్ళూ కచేరీలు చేశాడు, రికార్డులు ఇచ్చాడు. ఆయనను ఎవరూ నవ్వలేదు. మరి ఆ వయసులో మిసిసిపీ మనిషి పాడితే గాంభీర్యమూ, డార్ట్‌ఫర్డ్ మనిషి పాడితే వెటకారమూ ఎందుకు అవుతున్నది? ఈ ప్రశ్న వేసుకోకుండా రాసే విమర్శ నాకు రుచించదు.

ఒక జవాబు వర్గ సంబంధమైనది. దానిని దాటవేయడానికి వీల్లేదు. హర్ట్‌కు లేనిదీ, స్టోన్స్‌కు పుష్కలంగా వున్నదీ డబ్బు. మడ్డీ వాటర్స్, విల్లీ డిక్సన్ వంటివారు తమ పాటల రాయల్టీల కోసం 1970లలో కోర్టుకెక్కవలసివచ్చింది. 1968లో వీధిపోరాటాల మీద పాట చేసిన స్టోన్స్, 1971లో ఆదాయపు పన్ను బాధ పడలేక ఇంగ్లండు విడిచి ఫ్రాన్సుకు వెళ్ళారు. 2003లో జాగర్ సర్ బిరుదు పుచ్చుకున్నాడు. ఆ ఏడాదే బెంగుళూరులోనూ, బొంబాయిలోనూ వారి కచేరీలు జరిగాయి. 2024 యాత్ర 20 కోట్ల డాలర్లకు మించి వసూలు చేసింది. ఇక, బానిస స్త్రీలపై అత్యాచారాన్ని హుషారు గీతంగా మార్చిన 1971 నాటి 'బ్రౌన్ షుగర్'ను 2021 అమెరికా యాత్రలో పక్కన పెట్టారు. యాభయ్యేళ్ళు పట్టింది! ఇవన్నీ వారి ఖాతాలో రాయవలసిందే. అయితే ఇవి వారి సంపద మీద, రాజకీయాల మీద ఆక్షేపణలు. వయసు మీద కావు. ముప్ఫయ్యేళ్ళప్పుడూ ఇవి వర్తించేవే.

వయసు గురించి మాట్లాడదలిస్తే పని గురించి మాట్లాడాలి. స్టేడియంలో ఈ బృందం ప్రధానంగా పాడేది అరవయ్యో, డెబ్భయ్యో దశకాల పాటలే. శ్రోతలు అవే అడుగుతారు. జాగర్ 2019 ఏప్రిల్‌లో గుండె కవాటానికి చికిత్స చేయించుకుని జూన్‌కల్లా షికాగో వేదిక మీద పరుగులు పెట్టాడంటే ఆశ్చర్యపోతాను. అంతకంటే అందులో సాహిత్య విమర్శకు పనిలేదు. జ్ఞాపకాల అమ్మకం ఎంత ఉత్సాహంగా సాగినా అమ్మకమే.

నా దృష్టిలో అసలు సంగతి వేరే చోట వున్నది. 2005 తర్వాత 2023 దాకా, పద్ధెనిమిదేళ్ళు, స్టోన్స్ కొత్త పాటల ఆల్బం తేలేదు. ఆ నడుమ, 2015 డిసెంబరులో లండన్ స్టూడియోలో కూర్చుని మూడంటే మూడు రోజులలో పన్నెండు పాత షికాగో బ్లూస్ పాటలు రికార్డు చేసి, మరుసటేడు 'బ్లూ అండ్ లోన్సమ్' పేరిట విడుదల చేశారు. పెద్దగా తయారైంది కాదు, యాత్రకు పనికివచ్చేదీ కాదు. అయినా వారి చివరి దశలో నేను మళ్ళీమళ్ళీ వినేది అదే. 1964లో విల్లీ డిక్సన్ కట్టిన 'లిటిల్ రెడ్ రూస్టర్' పాడినప్పుడు జాగర్‌కు ఇరవై ఒక్కేళ్ళు. ఎంత శ్రద్ధగా పాడినా అది పెద్దమనిషి పంచె కట్టుకున్న కుర్రవాడి నడక. డెబ్భై రెండేళ్ళకు ఆ అనుకరణ అవసరం తీరింది. మౌతార్గాన్ వూదడంలో తొందరలేదు, గొంతులో నటన తగ్గింది. ఆ పాటలలోని మనిషి వయసుకు గాయకుడు చేరుకోవడానికి అర్ధశతాబ్దం పట్టింది. రాక్‌ను యౌవనంగా నిర్వచించే విమర్శకు ఈ పరిణామం కనిపించనే కనిపించదు.

2023 అక్టోబరులో వచ్చిన 'హాక్నీ డైమండ్స్' మీద నా అభిప్రాయం అంత ఉదారంగా లేదు. నిర్మాత ఆండ్రూ వాట్ 1990లో పుట్టినవాడు. అతను ప్రతి పాటకూ పాలిష్ పెట్టాడు. పాల్ మెకార్ట్నీ, స్టీవీ వండర్, లేడీ గాగా అతిథులుగా వచ్చారు. సంత కిటకిటలాడినా సరుకు పలచన. రెండు పాటలలో మాత్రం చార్లీ వాట్స్ డ్రమ్ములు వినిపిస్తాయి. 2021 ఆగస్టులో ఎనభయ్యేళ్ళకు పోయేముందు ఆయన వాయించిపెట్టినవి. కీళ్ళవాతం తన వేళ్ళ నడక మార్చిందనీ, ఆ మార్పులోంచే గిటారు మీద కొత్త దారులు దొరుకుతున్నాయనీ రిచర్డ్స్ ఆ రోజులలో బి.బి.సి.కి చెప్పాడు. దీనిని కార్మికుడి మాటగా తీసుకోవాలని నా మనవి. పనిముట్టు అరిగినప్పుడు పనితనం మార్చుకోవడం వడ్రంగికీ, నేతగాడికీ కొత్త కాదు.

ఈ ముసలివాళ్ళు వేదికలు వదలక యువ కళాకారులకు చోటు లేకుండా చేస్తున్నారని ఒక మిత్రుడు వాదించాడు. రికార్డుల మీద రాబడి పడిపోయి, కచేరీ టిక్కెట్టు మీదనే బతకవలసివస్తున్న ఈ కాలంలో ఆ బాధ నిజమే. కాని మార్కెట్టు ముసలివాళ్ళను కోరుకుంటున్నదనుకోవడం పొరపాటు. 2023 డిసెంబరులో 'కిస్' బృందం న్యూయార్కులో చివరి కచేరీ ముగించి, ఇకపై తమ బదులు కంప్యూటరు బొమ్మలు పాడతాయని అదే వేదిక మీద చూపించింది. ఆ బొమ్మలకు గుండెజబ్బు రాదు, కీళ్ళవాతం రాదు, కొత్త పాట కట్టాలన్న పట్టుదలా రాదు. పెట్టుబడికి కావలసిన కళాకారుడు అతడే. జాగర్ ఎంత కోటీశ్వరుడైనా అతనిలో ఆ పట్టుదల ఇంకా వుండడం పెట్టుబడికి అక్కరలేని సంగతి.

'హాక్నీ డైమండ్స్'లో చివరిది మడ్డీ వాటర్స్ పాట - బృందానికి పేరిచ్చిన ఆ పాటే. అరవయ్యేళ్ళు దానిని స్టూడియోలో ముట్టుకోలేదు. అతిథులూ, డ్రమ్ములూ ఏవీ లేకుండా, రిచర్డ్స్ గిటారు, జాగర్ గొంతూ మౌతార్గానూ. నిడివి మూడు నిమిషాలైనా వుండదు. విద్యార్థులకు వినిపించవలసివస్తే నేను మొదట స్టోవల్ తోట నుంచి వచ్చినాయన 1950 రికార్డు వినిపిస్తాను, తర్వాత దీనిని.