నగర వారసత్వ సంఘాలు: అధికారం, బాధ్యత - ఒక విమర్శ

ఒక పాత కట్టడం కనుమరుగైనప్పుడు దానిని ఎవరు పడగొట్టారని అడగడం మనకు అలవాటు. పడగొట్టేముందు వారు ఎవరి అనుమతి పొందవలసి ఉండింది, ఆ అనుమతి ఇచ్చినవారు ఏ కారణాలు పరిశీలించారు అనే ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. నగరాలలో చారిత్రక స్థలాల రక్షణకై ఏర్పడే సంఘాల విలువ ఈ రెండవ ప్రశ్న మీదనే ఆధారపడి ఉంది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల ముస్లిములకు ఇది రెండు వైపుల నుంచి ఎదురవుతున్నది. ఒకవైపు, మన చరిత్రతో ముడిపడిన కట్టడాల గతిని నినాదాలు నిర్ణయిస్తున్నాయి. మరొకవైపు, మన ఆధీనంలో ఉన్న మసీదులు, దర్గాలు, ఖబ్రస్తానుల గతిని మనం కూడా ఎవరినీ అడగకుండానే నిర్ణయిస్తున్నాము.

అడగవలసిన చోటు లేకపోతే ఏమి జరుగుతుందో ఈ నేలకు తెలిసినంతగా మరే నేలకూ తెలియదేమో. 1797లో కర్నల్ మెకంజీ అమరావతికి వచ్చేనాటికే అక్కడి స్తూపపు రాళ్ళు కొత్త కట్టడాలకు తరలుతున్నాయి. మిగిలిన శిల్పాలలో అధిక భాగం తరువాతి కాలంలో మద్రాసుకు, లండనుకు చేరింది. భట్టిప్రోలు స్తూపపు చలువరాళ్ళు పందొమ్మిదవ శతాబ్దంలో ప్రభుత్వపు పనులకే ఉపయోగపడ్డాయి. ఈ పనులు చేసినవారు ఆ స్తూపాల మీద ద్వేషంతో చేయలేదు. వారికి రాయి అవసరమైంది, ఎదురుగా రాయి కనిపించింది, ఆగమని చెప్పే అధికారం ఎవరికీ లేకపోయింది. నేడు పత్తి, మిరప వ్యాపారాలతో పెరిగిన పట్టణాలలో రాయి స్థానాన్ని స్థలం ఆక్రమించింది. ముఖ్య వీధిలో ఉన్న పాత కట్టడం క్రింది నేల విలువ ఆ కట్టడం విలువను మింగివేస్తున్నది.

ఇక జిన్నా టవర్ సంగతి చూద్దాం. గుంటూరు మహాత్మా గాంధీ రోడ్డు మీద 1940వ దశకంలో వెలసిన ఈ గుమ్మటపు కట్టడం స్వాతంత్ర్యానంతరం కూడా అదే పేరుతో నిలిచింది. 2021 డిసెంబరు చివరలో భారతీయ జనతా పార్టీ నాయకులు దాని పేరు మార్చాలని పట్టుబట్టారు. 2022 జనవరి 26న కొందరు అక్కడ జెండా ఎగురవేయడానికి ప్రయత్నించగా పోలీసులు అడ్డుకున్నారు. ఫిబ్రవరి 1న టవరుకు మూడు రంగులు వేశారు. ఫిబ్రవరి 3న రాష్ట్ర హోం మంత్రి అక్కడ జాతీయ పతాకాన్ని ఎగురవేశారు. అంతటితో ఉద్రిక్తత చల్లారింది. శాంతి నిలిచినందుకు సంతోషించవలసిందే. జాతీయ పతాకం పట్ల ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఉండరాదు కూడా.

అయినా విమర్శకు ఇక్కడ చోటు ఉంది. ఆ నెల రోజుల వాదోపవాదాలలో ప్రతి ఒక్కరూ పేరు గురించి మాట్లాడారు. కట్టడం గురించి మాట్లాడినవారు అరుదు. దాని అసలు పూత ఏమిటి, దానికి ఏ రంగు వేస్తే సున్నపు పనికి హాని, నగర చరిత్రలో దాని స్థానం ఏమిటి అనే ప్రశ్నలు చర్చకే రాలేదు. దాని నిర్మాణం గురించి ఊళ్ళో ఒకటికి మించిన కథనాలు వినిపిస్తాయి. వాటిని పోల్చి, సాక్ష్యాలు చూసి, ఒక నివేదిక వ్రాసి ప్రజల ముందు ఉంచడమే వారసత్వ సంఘపు మొదటి పని. అటువంటి నివేదిక ఉన్నచోట అల్లరి చేసేవారికీ, భయపడేవారికీ, అధికారులకూ ఒకే జవాబు దొరుకుతుంది. అది లేనిచోట రంగుడబ్బాయే తీర్పు అవుతుంది.

సంఘం ఉంటే సరిపోతుందా అనే ప్రశ్నకు హైదరాబాదు అనుభవం సమాధానం చెబుతుంది. బొంబాయిలో 1995లో వారసత్వ నిబంధనలు వచ్చాయి. అదే సంవత్సరం డిసెంబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ నిబంధనలలో 13వ నిబంధనను చేర్చింది. దాని ప్రకారం జాబితాలో చేరిన కట్టడాన్ని పడగొట్టాలన్నా, మార్చాలన్నా, పెద్ద మరమ్మతు చేయాలన్నా ముందుగా అనుమతి పొందాలి. ఆ దరఖాస్తును వారసత్వ సంరక్షణ సంఘం పరిశీలించి సలహా ఇవ్వాలి. కట్టడాలను శ్రేణులుగా విభజించారు. ఏ శ్రేణిలో ఎంత మార్పు అనుమతించవచ్చునో దానిని బట్టి నిర్ణయమవుతుంది. తన స్థలంలో కట్టుకునే హక్కును కోల్పోయిన యజమానికి ఆ హక్కును వేరొక చోట వాడుకునే సదుపాయం కూడా నిబంధనలో ఉంది. 1998లో వందకు పైగా కట్టడాలతో జాబితా వెలువడింది. కాగితం మీద ఇది మంచి నిబంధన అనడంలో సందేహం లేదు.

ఆచరణలో మూడు లోపాలు బయటపడ్డాయి. మొదటిది, సంఘానికి ఉన్నది సలహా ఇచ్చే అధికారమే గాని ఆజ్ఞాపించే అధికారం కాదు. రెండవది, పెద్ద కట్టడాలలో అనేకం ప్రభుత్వపు చేతిలోనివే. కావలివానిని నియమించినవాడే గోడ దూకాలనుకుంటే కావలివాడు ఏమి చేయగలడు? మూడవది, ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టిన రక్షణ మరొక ఉత్తర్వుతో పోతుంది. 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 13వ నిబంధనను తొలగించింది. 2017లో వారసత్వ చట్టం వచ్చినప్పటికీ, 2019 జూన్‌లో మంత్రివర్గం ఎర్రమంజిల్ భవనం ఉన్న చోట కొత్త శాసనసభా భవనం కట్టాలని నిర్ణయించింది. పౌరులు హైకోర్టుకు వెళ్ళారు. అవసరమైన అంశాలను పరిశీలించకుండా, చట్టం చెప్పిన అనుమతులు పొందకుండా ఆ నిర్ణయం తీసుకున్నారని 2019 సెప్టెంబరు 16న హైకోర్టు దానిని కొట్టివేసింది.

ఎర్రమంజిల్ నిలిచింది. కాని దానిని నిలిపినది సంఘం కాదు, న్యాయస్థానం. ప్రతి ఊరిలోనూ ప్రతి పాత గోడకూ హైకోర్టు దాకా వెళ్ళే ఓపిక, ధనం ఉన్న పౌరులు దొరకరు. కనుక సంఘపు నిర్ణయానికి చట్టబలం ఉండాలి. దానిని కాదనే అధికారి తన కారణాలను వ్రాతపూర్వకంగా చెప్పవలసి ఉండాలి.

ఇతర దేశాలలో ఈ పని ఎలా జరుగుతున్నదో చూడడం మంచిది. న్యూయార్క్ నగరంలో 1963లో పెన్సిల్వేనియా రైల్వే స్టేషనును కూల్చడం మొదలైనప్పుడు పౌరులలో ఆవేదన చెలరేగింది. 1965లో అక్కడ చారిత్రక కట్టడాల రక్షణకు నగర చట్టమే ఏర్పడింది. దాని క్రింద పనిచేసే సంఘంలో 11 మంది సభ్యులుంటారు. వాస్తుశిల్పులు, చరిత్రకారుడు, నగర ప్రణాళిక నిపుణుడు, నగరంలోని ఐదు విభాగాల నివాసులు అందులో ఉండాలి. నిర్ణయానికి ముందు బహిరంగ విచారణ జరుగుతుంది. గ్రాండ్ సెంట్రల్ స్టేషను వ్యాజ్యంలో 1978లో అమెరికా సుప్రీంకోర్టు ఆ సంఘపు నిర్ణయాన్ని సమర్థించింది.

మనకు ఇంకా దగ్గరగా తగిలే ఉదాహరణ ఒక చర్చిది. అదే నగరంలోని సెయింట్ బార్తలోమ్యూ చర్చి వారు తమ ప్రక్క భవనాన్ని తీసివేసి ఆఫీసుల మేడ కట్టుకుంటామన్నారు. ఆ ఆదాయంతో ధర్మకార్యాలు చేస్తామన్నారు. సంఘం ఒప్పుకోలేదు. 1990లో అప్పీలు కోర్టు కూడా సంఘం పక్షానే నిలిచింది. పాత భవనంతో తమ కార్యక్రమాలు సాగించలేమని చర్చి నిరూపించలేకపోయిందన్నది అక్కడి కీలకాంశం. ఈ తీర్పు కొందరికి కఠినంగా తోచవచ్చు. పేద జమాఅత్ మీద ఇంత భారం మోపడం న్యాయమా అని అడగవచ్చు. ఆ ప్రశ్న సరైనదే. జవాబు కూడా ఆ ఏర్పాటులోనే ఉంది. భారం మోయలేనని చెప్పుకోవడానికి, లెక్కలు చూపడానికి అక్కడ ఒక వేదిక ఉంది.

ఇక్కడ మనలో చాలామంది బయటికి చెప్పని భయాన్ని ప్రస్తావించాలి. మసీదును వారసత్వ జాబితాలో చేర్చితే అది మన చేయి దాటిపోతుందేమో అన్నది ఆ భయం. ఇది అకారణం కాదు. 2025 వక్ఫ్ సవరణ చట్టంలోని 3డి నిబంధన ప్రకారం, వక్ఫ్‌గా ప్రకటించే నాటికే ఒక ఆస్తి 1904 లేదా 1958 కేంద్ర చట్టాల క్రింద రక్షిత కట్టడమై ఉంటే ఆ వక్ఫ్ ప్రకటన చెల్లదు. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆ చట్టంలోని కొన్ని నిబంధనలను నిలిపివేసింది గాని దీనిని నిలిపివేయలేదు.

అయితే రెండు వేర్వేరు విషయాలను కలిపివేయరాదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణ వేరు, నగరపు జాబితా వేరు. 3డి నిబంధన మాట్లాడేది మొదటిదాని గురించి మాత్రమే. నగర జాబితాలో చేరినంత మాత్రాన యాజమాన్యం మారదు. ముతవల్లీ ముతవల్లీగానే ఉంటాడు, నమాజు నమాజుగానే సాగుతుంది. కేంద్ర రక్షణ ప్రకటించాలన్నా 1958 చట్టం 4వ సెక్షను ప్రకారం రెండు నెలల నోటీసు ఇవ్వాలి, ఆ లోగా అభ్యంతరం తెలుపవచ్చు. భయానికి మందు వక్ఫ్‌నామాను, నమోదు పత్రాలను, పాత పటాలను భద్రపరచుకోవడమే. జాబితా నుంచి పారిపోయినంత మాత్రాన ఆస్తి నిలవదు. ఏ కాగితంలోనూ లేని కట్టడానికి ఏ న్యాయస్థానంలోనూ సాక్ష్యం దొరకదు.

ఇతరులను ఇంతగా ప్రశ్నించినవారు తమ ఇంటిని కూడా చూసుకోవాలి. పాత మసీదు చిన్నదైపోయిందని పూర్తిగా తీసివేసి కాంక్రీటు మేడ లేపడం, శిలాఫలకం మీద ఆయిలు పెయింటు పూయడం, పాత సమాధుల మీది వ్రాతను టైల్స్ క్రింద కప్పడం ఎన్నో ఊళ్ళలో కనిపించే సంగతులే. పెరిగిన జమాఅత్‌కు చోటు కావాలన్నది నిజమైన అవసరం. కాని పాత మెహ్రాబును, శాసనాన్ని నిలుపుకుని ప్రక్కకు విస్తరించే మార్గం ఉందేమోనని ఒక ఇంజనీరునో, ఒక చరిత్ర అధ్యాపకుణ్ణో అడిగిన తరువాతనే పలుగు ఎత్తాలి. కొండవీడు సీమను కుతుబ్‌షాహీల కాలం నుంచి ముర్తజానగరమని పిలిచేవారని నేడు ఎంతమంది పిల్లలకు తెలుసు? వ్రాత పోయిన తరువాత చెప్పుకోవడానికి కథలు మాత్రమే మిగులుతాయి. కథలు ఎవరైనా అల్లగలరు.

ఈ ఆలోచన మనకు పరాయిది కాదు. హిజ్రీ 450లో, అనగా 1058లో మరణించిన ఇమామ్ మావర్దీ తన 'అల్ అహ్‌కాముస్సుల్తానియ్యా'లో ముహ్తసిబ్ బాధ్యతలను వివరిస్తూ తూకాలు, కొలతల వద్దనే ఆగలేదు. ఊరి నీటి వసతి చెడినా, ప్రాకారం కూలినా, మసీదులు శిథిలమైనా వాటిని బాగుచేయించే పూచీని కూడా చర్చించాడు. ఆ ఖర్చు మొదట బైతుల్‌మాల్ భరించాలి. అక్కడ ధనం లేకపోతే ఊరిలోని స్థోమత కలవారి మీద పడుతుంది. అధికారం, ఖర్చు రెండూ ఒకే చోట ప్రస్తావనకు రావడం గమనించదగినది. మన కాలపు సంఘాలకు అనుమతి నిరాకరించే అధికారం ఇచ్చి, మరమ్మతుకు పైసా ఇవ్వకపోవడం పెద్ద లోపం. కప్పు కారుతున్న యజమానికి పడగొట్టవద్దని చెప్పడం తేలిక. ఆ కప్పు వేయడానికి పన్ను మినహాయింపో, సహాయనిధో చూపినప్పుడే ఆ మాటకు గౌరవం.

గుంటూరు 1866లో పురపాలక సంఘమై, 1994లో నగరపాలక సంస్థ అయింది. ఇంత వయసున్న నగరానికి చట్టబలం గల వారసత్వ సంఘం కావాలని అడగడం అత్యాశ కాదు. దాని జాబితా ఏ ఒక్క వర్గానిదీ కారాదు. 1885 నాటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల, పాత మసీదులు, ఆలయాలు, జిన్నా టవర్ ఒకే పుస్తకంలో, ఒకే కొలబద్దతో చేరాలి. వేటపాలెంలో 1918లో స్థాపితమై, 1929లో గాంధీజీ దర్శించిన సారస్వత నికేతనం వంటి సంస్థలకై జిల్లాల స్థాయిలో కూడా ఇటువంటి ఏర్పాటు ఉండాలి. అప్పుడు టవర్ గురించి మాట్లాడేవాడు ముస్లిముల పక్షాన మాట్లాడినట్లు కాక నగరం పక్షాన మాట్లాడినట్లు అవుతుంది.

సంఘం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనవసరం లేదు. ప్రతి మసీదు కమిటీ తన కట్టడపు ఫోటోలు, కొలతలు, శిలాఫలకాల నకళ్ళు, వక్ఫ్ పత్రాల ప్రతులు ఒక దస్త్రంలో చేర్చి, ఒక ప్రతిని ఊరి గ్రంథాలయంలో ఉంచవచ్చు. ఈ పనికి కావలసింది ఒక కెమెరా, ఒక టేపు, ఉర్దూ పార్సీ చదవగల ఒక పెద్దమనిషి, ఒక ఆదివారం. రేపు ఏర్పడే సంఘం ముందుకు మనం ఫిర్యాదుతోనే వెళ్తామా, సాక్ష్యంతో కూడా వెళ్తామా అన్నది ఈ దస్త్రం మీద ఆధారపడి ఉంటుంది.