ఫ్యూజు మార్చితే తీరదు

కంప్యూటర్‌కు కరెంటు అందించే ఇనుప పెట్టెను మెకానిక్‌లు ఎస్‌ఎంపీఎస్ అంటారు. గోడ ప్లగ్గులోని 230 ఓల్టుల ఏసీని 12, 5, 3.3 ఓల్టుల డీసీగా మార్చి మదర్‌బోర్డుకు ఇవ్వడం దాని పని. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో మీసేవ కేంద్రమైనా, జిరాక్సు షాపైనా, బడిలో కంప్యూటర్ గదైనా, సిస్టం ఆన్ కావట్లేదంటే మెకానిక్ చెయ్యి ముందు దీనిమీదికే పోతుంది. మామూలు రకం కొత్తది వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది కనుక పాతది ఊడదీసి కొత్తది బిగించడం ఆనవాయితీ అయింది. ఒక్క పెట్టె వరకే లెక్క చూస్తే అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే ఎల్‌ఈడీ టీవీలో, సెట్‌టాప్ బాక్సులో, ఫోన్ చార్జర్‌లో ఉండేదీ కొద్దిపాటి మార్పులతో ఈ సర్క్యూటే. కంప్యూటర్ సప్లై విప్పి నేర్చుకున్న చేతికి అవన్నీ లొంగుతాయి.

పాతకాలపు బ్యాటరీ ఎలిమినేటర్‌లో బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. సెకనుకు 50 సార్లు ఊగే కరెంటుకు అంత ఇనుము కావాలి. ఎస్‌ఎంపీఎస్ దారి వేరు. వచ్చిన ఏసీని ముందే డీసీ చేసి, దాన్ని సెకనుకు పదుల వేల సార్లు తెగ్గొట్టి, చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, అవతల మళ్లీ డీసీ చేస్తుంది. 230 ఓల్టుల ఏసీ డయోడ్ బ్రిడ్జి దాటాక పెద్ద కెపాసిటర్ల మీద నిలిచేది 325 ఓల్టులు. పాత రకాల్లో ఇది 200 ఓల్టుల కెపాసిటర్లు రెండింటి మీద సగం సగం పడుతుంది. వెనక ఎర్రటి 115/230 స్విచ్చు ఉన్న పెట్టెల్లో ఎవరైనా దాన్ని 115 వైపు నూకారంటే ఆ జంట మీద 650 దాకా ఎక్కుతుంది. ఢామ్మని పేలడానికి ఎక్కువసేపు పట్టదు.

ప్లగ్గు పీకినంత మాత్రాన ఆ 325 ఓల్టులు పోవు. కెపాసిటర్లను ఖాళీ చేసే రెసిస్టర్లు పక్కనే ఉంటాయి గానీ, అవి తెగి ఉంటే చార్జి చాలాసేపు కాచుకుని కూర్చుంటుంది. కొందరు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి నిప్పురవ్వలు లేపి చూపిస్తారు. అది పనితనం కిందికి రాదు. కెపాసిటర్ కాళ్లూ పోతాయి, కళ్లూ పోతాయి. హోల్డర్‌లో బల్బు పెట్టి రెండు వైర్లు తగిలిస్తే చార్జి మెల్లగా దిగిపోతుంది, ఆ పైన మీటరు పెట్టి చూసుకోవాలి. బోర్డు మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ల వరుసకు ఇవతల మెయిన్స్ వైపు, అవతల చేత్తో తాకినా ఏమీ కాని వైపు. రెండింటి గ్రౌండు ఒకటి కాదు. మెయిన్స్ వైపు కొలిచేటప్పుడు మీటరు నల్ల వైరు పెద్ద కెపాసిటర్ నెగటివ్ మీద ఉండాలి. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడు చదివినవారు సైతం మొదట్లో తడబడేది ఇక్కడే.

ఫ్యూజు పోయిందంటే ముందు దాని గాజు చూడాలి. లోపలి తీగ మాత్రమే తెగి గాజు తెల్లగా ఉంటే ఎప్పుడో కాసేపు కరెంటు ఎక్కువ లాగిందని అర్థం. గాజు నల్లబడి వెండి పూసినట్టు మెరుస్తుంటే లోపల గట్టి షార్టు ఉంది. అలాంటప్పుడు కొత్త ఫ్యూజు వేస్తే అదీ పోతుంది. మీటరును డయోడ్ మోడ్‌లో పెట్టి బ్రిడ్జి డయోడ్లు చూడాలి: ఒకవైపు అర ఓల్టు పైచిలుకు చూపించాలి, తిప్పి పెడితే ఏమీ చూపించకూడదు. ఆ తర్వాత హీట్‌సింకు మీది 13007 లేదా 13009 స్విచింగ్ ట్రాన్సిస్టర్లు. ఇవి షార్టయితే వాటి బేస్ దగ్గరి చిన్న రెసిస్టర్లు, డయోడ్లు, ఒక మైక్రోఫారడ్ ప్రాంతపు కెపాసిటర్లు కూడా చూసి తీరాలి. వాటిల్లో ఎండిపోయిన కెపాసిటరే అసలు దోషి అయితే, కొత్త జత ట్రాన్సిస్టర్లు కూడా పాతవాటి దారినే పోతాయి. చివర కాలినది పైకి కనబడుతుంది, మొదట చెడినది కనబడదు. సర్క్యూట్ స్థాయి రిపేరు అంటే ప్రధానంగా ఆ మొదటిదాన్ని వెతకడమే.

ఫ్యూజు బాగుండీ పెట్టె పలకకపోతే ఊదారంగు వైరు మీద 5 ఓల్టులు ఉన్నాయా చూడాలి. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా వచ్చే స్టాండ్‌బై కరెంటు ఇది. దీనికి వేరే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది లేచేందుకు తొలి కరెంటు ఇచ్చే వందల కిలోఓమ్‌ల రెసిస్టర్ ఏళ్ల తరబడి వేడికి తెగిపోవడం మామూలే. అంతకన్నా ప్రమాదకరమైనది మరొకటుంది. పాత డిజైన్లలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే, హీట్‌సింకు నీడలో, పది ఇరవై మైక్రోఫారడ్‌ల చిన్న కెపాసిటర్ ఒకటి నిలబడి ఉంటుంది. ఉబ్బదు, కారదు, చూడ్డానికి కొత్తదానిలా ఉంటుంది, లోపల ఎండుతుంది. అది ఎండేకొద్దీ స్టాండ్‌బై వోల్టేజీ 5 దాటి పైకి పోయి మదర్‌బోర్డును బలి తీసుకుంటుంది. పాతికేళ్ల నాటి పెట్టె ఏది చేతికొచ్చినా ఆ కెపాసిటర్‌ను అడక్కుండానే మార్చడం మంచి మెకానిక్‌ల అలవాటు.

ఊదా వైరు బాగుంటే, పెట్టెను ఆన్ చేసేందుకు ఆకుపచ్చ వైరును నల్లదానికి కలపాలి. ఫ్యాను ఒక్క కుదుపు కదిలి ఆగిందంటే అవుట్‌పుట్ వైపు షాట్కీ డయోడ్ షార్టయి ఉండొచ్చు. అసలు కదలకపోతే టీఎల్494 లేదా కేఏ7500 ఐసీ దగ్గరికి వెళ్లాలి. 12వ కాలుకు సప్లై, 14వ కాలు మీద 5 ఓల్టుల రిఫరెన్స్ ఉండి, 4వ కాలు మీద వోల్టేజీ మాత్రం పైనే ఉండిపోతే ఐసీ మంచిదే, దాన్ని వేరే భాగమేదో ఆపుతోంది. తల ఉబ్బిన కెపాసిటర్లు కంటికే కనిపిస్తాయి కనుక వాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 105 డిగ్రీలవి, లో ఈఎస్ఆర్ రకానివే వేయాలి.

విడి భాగాలకు ఈ రెండు జిల్లాల వాళ్లూ చివరికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకే పోతారు. అగ్గువకు దొరికే 13009ల్లో పేరు మార్చి ముద్రించినవి ఉంటాయి. అందుకే పాత బోర్డుల నుంచి ఊడదీసిన అసలు సరుకును కొందరు డబ్బాల్లో దాచుకుంటారు.

భాగాలు మార్చాక నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. 60 లేదా 100 వాట్ల బల్బు సిరీస్‌లో వేసిన బోర్డు ద్వారా కరెంటు ఇవ్వాలి. బల్బు ఒకసారి మెరిసి మసకబారితే ఫరవాలేదు, నిండుగా వెలుగుతూనే ఉంటే షార్టు ఇంకా ఉంది. ఈ ఒక్క బల్బు మిగిల్చినన్ని ట్రాన్సిస్టర్లు ఏ ఖరీదైన మీటరూ మిగల్చలేదు. ఆ తర్వాత సిరీస్ బల్బు తీసేసి, 12 ఓల్టుల మీద బండి హెడ్‌లైటు బల్బు లోడుగా పెట్టి చూడాలి. 12 ఓల్టులు 11.4 నుంచి 12.6 మధ్య, 5 ఓల్టులు 4.75 నుంచి 5.25 మధ్య నిలవాలి.

పెట్టె బాగైనా, దాన్ని చెడగొట్టిన కారణం ఇంటికొచ్చే కరెంటులోనే ఉండిపోవచ్చు. వీధి లైనులో న్యూట్రల్ తెగితే వేర్వేరు ఫేజుల మీది ఇళ్లు ఒకదానికొకటి సిరీస్‌లో పడతాయి. తక్కువ లోడున్న ఇంటికి వోల్టేజీ 300 దాటి 400 దగ్గరికి పోతుంది. ఆ అదనపు వోల్టేజీని తన మీదికి తీసుకుని ఫ్యూజును తెంపే ఎంఓవీ అనే భాగం చవక పెట్టెల్లో తరచూ ఉండదు. బోర్డు మీద దాని గుర్తు ముద్రించి ఉంటుంది, చోటు ఖాళీ. ఫిల్టర్ చోక్ ఉండాల్సిన చోట రెండు జంపర్ వైర్లు. ఇక బోరు మోటార్లన్నీ కలిసి నడిచే వేళ లైను 160కి జారితే ఎస్‌ఎంపీఎస్ అదే పవర్ కోసం ఎక్కువ కరెంటు లాగుతుంది, ట్రాన్సిస్టర్లు వేడెక్కుతాయి.

డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటుందన్న ఫిర్యాదు వేరే. ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ డబ్బాకు కలిపిన చిన్న వై కెపాసిటర్లు, ఎర్త్ లేనప్పుడు డబ్బాను మెయిన్స్‌లో సగానికి, అంటే 115 ఓల్టుల దగ్గరికి ఎత్తుతాయి. పారే కరెంటు మామూలుగా చాలా తక్కువ కాబట్టి చంపదు. కానీ ఎర్త్ లేదని అది చెప్పేస్తుంది. అడుగున రాయి, పైన పలచటి ఎర్ర చెలక ఉన్న ఈ జిల్లాల నేలల్లో ఎండాకాలం ఎర్త్ పైపు ఉన్నా లేనట్టే. అందుకే పెట్టె తిరిగి ఇచ్చేటప్పుడు ఆ ఇంటి సాకెట్‌లో కూడా మీటరు పెట్టాలి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది ఓల్టులే రావాలి. రాకపోతే జాలారు నీళ్లు పారే తడి చోటు చూసి గుంత తీయించి, పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు నింపించి, ఎండాకాలంలో నీళ్లు పోస్తుండమని చెప్పాలి.